తట్టెడు మట్టి

నా చిన్నప్పుడు వాన మొదలైతే ఇంట్లో అందరం అమ్మ ముఖం వంక చూసేవాళ్ళం. వానంటే ఎవరికైనా ముందు ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. మా అమ్మకి తమ్ముడు గుర్తొచ్చేవాడు. పొయ్యి మీద ఏమున్నా సరే, గొడుగైనా తీసుకోకుండా బయల్దేరేది.

అప్పుడు మేం బెంగాల్లో సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్నకి యార్డులో పని. క్వార్టర్సులో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి బయట బెంగాలీ, డ్యూటీలో హిందీ, గుమ్మం లోపలికి వస్తే మా భాష. ఎర్ర జెండాల కాలం అది. ఏ గోడ మీద చూసినా కొడవలి, సుత్తి బొమ్మలుండేవి. సాయంత్రం కరెంటు పోవడం ఎంత మామూలంటే, పోగానే పిల్లలందరం వీధిలోకి పరిగెత్తి ఒక్కసారి కేకలు పెట్టేవాళ్ళం. తమ్ముడు పోయిన ఏడు మా ఇంట్లోంచి ఆ కేక బయటికి రాలేదు.

తమ్ముడు పుట్టిన కొన్నాళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. పేరు కూడా పెట్టలేదు. బాబు అనేవాళ్ళం, అంతే. క్వార్టర్సు వెనక చెరువు దాటితే మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళ సమాధుల తోట ఉండేది. పెద్దవాళ్ళకి సిమెంటు సమాధులు, వాటి మీద పేర్లు. చంటిపిల్లలకి మాత్రం బాట పక్కనే గడ్డిలో ఒక వరస. రాయీ ఉండదు, పేరూ ఉండదు. తల్లులకే తెలియాలి ఎవరు ఎక్కడున్నారో.

ఆ తోట మధ్యలో ఇటుకలు పరిచిన బాట, దానికి రెండు వైపులా పచ్చగడ్డి. గడ్డి ఒత్తుగా రావాలని ఏటా చెరువు మట్టి తెచ్చి చల్లేవాళ్ళు. ఇటుకలేమో మనుషుల కాళ్ళ కింద కుంగుతూ వచ్చాయి. అలా ఏళ్ళ తరబడి గడ్డి పైకి, బాట కిందికి పోయి, తమ్ముడున్న వైపు అంచు జానెడు ఎత్తున గట్టులా నిలబడింది. గట్టి వాన పడితే చాలు, ఆ గట్టు కొంచెం విరిగి మట్టి ఇటుకల మీద పడేది. ఇంకెవరికీ అది పట్టించుకోవాల్సిన సంగతి కాదు. అమ్మ కళ్ళకి మాత్రం అది తమ్ముడి మీద కప్పిన మట్టి. వాన వాడి దుప్పటి లాగేస్తోందనుకునేది.

అందుకని వెళ్ళి, ఆ బురదంతా చేతుల్తో ఎత్తి మళ్ళీ గట్టు మీద పెట్టి మెత్తేది. తరవాతి వానకి అది ఇంకా ఎక్కువ జారేది. అది చాలక, మా కుళాయి దగ్గరా, చెరువు ఒడ్డునా, మెత్తటి మట్టి ఎక్కడ కనిపించినా కొంగులో కట్టుకుని తీసుకెళ్ళి అక్కడ పోసేది. ఎంత పోస్తే అంత ఎత్తు, ఎంత ఎత్తయితే అంత జారుడు. అమ్మకి ఆ లెక్క అర్థం కాలేదు. అర్థమయ్యే స్థితిలో లేదు.

ఇంట్లో వండేది గానీ కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. నాన్న పెట్టింది తిని డ్యూటీకి పోయేవాడు. నా జడలు పక్కింటి అక్క వేసేది. ఆవిడ మంచిదే గానీ చెయ్యి మోటు, దువ్వెన పెడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అమ్మ నా ఎదురుగానే కూర్చుని, నన్ను దాటి కిటికీలోంచి మబ్బుల్ని చూస్తుండేది. ఉన్న పిల్లని నేనుండగా లేనివాడి కోసం ఇంతగా ఎదురుచూడాలా అని తమ్ముడి మీద నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే అమ్మ అక్కడే ఉండిపోతుందేమో, ఇంటికి రాదేమో అని భయం కూడా వేసేది. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.

అలాంటప్పుడు పలాస దగ్గర మా ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. కోడలికి సాయంగా అని నాన్న పిలిపించాడు. సాయం అంటే ఆవిడ దృష్టిలో ఓదార్చడం కాదు. వచ్చిన మర్నాడే గిన్నెలన్నీ బయటేసి బూడిదతో తోమింది. మనిషి ఎండు కట్టెలా ఉండేది, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఆ చివరికి వినబడేది. మా వైపు పాతకాలం ఆడవాళ్ళకి అడ్డచుట్ట అలవాటు. అంటే చుట్ట వెలిగించి, మండే కొసని నోట్లోపల పెట్టుకుని కాలుస్తారు. నాయనమ్మ వెనక మెట్ల మీద కూర్చుని అలా కాలుస్తుంటే ఎదురింటి బెంగాలీ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. నోరు కాలదా అని నా చేత అడిగించేవాళ్ళు. ఆదివారం ఆరాధనకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఇన్ని లవంగాలు నమిలి వెళ్ళేది.

కోడలు వానలో పరిగెత్తడం రెండు మూడు సార్లు చూసింది. ఒకసారి వెనకాలే వెళ్ళి, గట్టు చుట్టూ తిరిగి, కాలి బొటనవేలితో దాన్ని పొడిచి చూసి వచ్చేసింది.

ఇంతలో సంఘంలో ఒక ముసలాయన పోతే భూస్థాపనకి అందరం వెళ్ళాం. ముందురోజు వాన పడింది. మా సంఘపెద్ద బాగా లావుపాటి మనిషి, తెల్ల పంచె, చేతిలో పాటల పుస్తకం. సరిగ్గా తమ్ముడున్న చోటికి వచ్చేసరికి ఇటుకల మీది బురదలో కాలు జారి చతికిలబడ్డారు. పిల్లలం నవ్వు ఆపుకోలేక ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం ముఖాలు దాచుకున్నాం. అమ్మ ఒక్కత్తే నవ్వలేదు, భయపడలేదు కూడా. ఆయన పడ్డ చోట గట్టు ఎంత విరిగిందో అని వంగి చూస్తోంది.

ఆయన చెడ్డవారేం కాదు. నడుం పట్టుకుని లేచి, కాసేపయ్యాక అమ్మని పక్కకి పిలిచి మెల్లగానే చెప్పారు. "ఇలాగయితే రేపు ముసిలోలు ఎవలైనా కాలు ఇరగ్గొట్టుకుంతారమ్మా. శనివారం తోట మాలీని పిలిసి ఈ గట్టు నిలువునా కోయించీసి సిమెంటు ఏయించీస్తాం. నువ్వింక మట్టి ఎయ్యకు."

కోయించడం అన్న మాట దగ్గరే అమ్మ ఆగిపోయింది. ఇంటికొచ్చాక నాన్న కాళ్ళావేళ్ళా పడింది, వెళ్ళి వద్దని చెప్పమని. సంఘపెద్దల మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు నాన్న. డ్యూటీ టైమయిందని వెళ్ళిపోయాడు. శనివారం తను అక్కడే కూర్చుంటానంది అమ్మ. ఎవడో పరాయి మగాడు వచ్చి తన బిడ్డ మీద పార దించుతుంటే చూస్తూ ఊరుకోనంది, కోస్తే ముందు తనని కోయమంది. నాయనమ్మ మెట్ల మీద చుట్ట కాలుస్తూ అంతా వింది. చుట్ట అయ్యేదాకా లేవలేదు.

శుక్రవారం పొద్దున్నే నాయనమ్మ మాలీ దగ్గర పార, తట్ట అడిగి తెచ్చింది. వంటింట్లోంచి పాత కత్తి తీసుకుంది. నన్ను బడి మానిపించింది. ముగ్గురం సమాధుల తోటకి వెళ్ళాం. పార, తట్ట జారిన మట్టి ఎత్తడానికనీ, ముందురోజు నుంచే కాపలా కాయడానికి అత్త కూడా తోడొస్తోందనీ అనుకుంది అమ్మ. దారి పొడుగునా ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచింది.

అక్కడికి వెళ్ళాక నాయనమ్మ చీర ఎగదోపి, మోకాళ్ళ మీద కూర్చుని, గట్టు అంచు మీది గడ్డిలో కత్తి దించింది. అమ్మ ఒక్క ఉదుటున ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. అత్తా, అత్తా అని మాత్రం అంటోంది.

నాయనమ్మ చెయ్యి విడిపించుకోలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడడం అంతకు ముందు నేను వినలేదు, ఆ తరవాతా వినలేదు. గొంతు కూడా ఎప్పటిలా పెద్దది చెయ్యలేదు.

"నా ఇద్దరు పిల్లలు రైలు కట్ట కింద ఉన్నారు, తెల్సా? పలాసకాడ రెండో లైను ఏసినప్పుడు నాను తట్టలు మోసినాను. డేరాల్లో జొరాలొచ్చి పోనారు. ఆలని ఆ కట్ట పక్కనే ఎట్టినాం. మర్నాడు డేరాలు ఎత్తీసి ముందుకెల్లిపోమన్నారు. ఎక్కడెట్టినామో ఇప్పుడు సూపించమంటే సూపించనేను. ఆల మీద మట్టి నానే ఏసినాను. నిలువుగా ఏస్తే నిలబడదని వాలుగా ఏసినాను. రైళ్ళు ఎల్తన్నాయి. ఆ కట్ట ఇప్పటికీ జారనేదు."

అమ్మ పట్టు సడలింది. నాన్న కాక అత్తకి ఇంకో ఇద్దరు పిల్లలుండేవారని, వాళ్ళు ఊరూపేరూ లేని చోట పడుకున్నారని అమ్మకి అప్పటిదాకా తెలియదు. నాన్నకి కూడా తెలియదేమో. నాయనమ్మ కత్తి తిప్పి, పిడి అమ్మ వైపు పెట్టింది.

"రేపు పరాయోడి పార ఎలాగూ పడతాది. ఈవేళ నీ సెయ్యి పడనీ."

అమ్మ చాలాసేపు ఆ కత్తి వైపు చూసింది. తరవాత తీసుకుంది. నాయనమ్మ చెప్పినట్టు అంచు పొడుగునా గడ్డిని గీత గీసినట్టు కోసింది. వేళ్ళతో సహా గడ్డిని చాప చుట్టినట్టు వెనక్కి చుడితే, ఆ చుట్ట విప్పుకోకుండా పట్టుకోవడం నా పని. చల్లగా, తడిగా, బరువుగా ఉండేది. చీమలు చేతుల మీదకి పాకినా వదల్లేదు.

గడ్డి కింద మట్టి బయటపడింది. అమ్మ చెయ్యి మళ్ళీ ఆగింది. అప్పుడు నాయనమ్మ అందులోంచి ఒక నల్లటి ముక్క ఏరి అమ్మ అరచేతిలో పెట్టింది. బొగ్గు ముక్క. యార్డు పక్క క్వార్టర్సు కదా, మా కుళాయి చుట్టూ నేలంతా ఇంజన్ల బొగ్గు కలిసిన మట్టే. గట్టులో ఎక్కడ చూసినా అవే ముక్కలు. విరిగిపోయిన నా పలక ముక్క ఒకటి కూడా దొరికింది. "ఇది బాబేటి? ఇది నువ్వు మోసుకొచ్చిన మట్టి. బాబు కింద లోతుగా ఉన్నాడు, ఆడి జోలికి మనం ఎల్లడం నేదు" అంది నాయనమ్మ. అమ్మ ఆ పలక ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. నా వంక చూసింది. ఎన్నో రోజుల తరవాత నన్ను చూడడం అది.

ఆ తరవాత అమ్మే తవ్వింది. గడ్డి లోపల వైపు మట్టిని అలాగే ఉంచి, ఇటుకల వైపు వచ్చేకొద్దీ తీసేస్తూ వచ్చింది. జానెడు గట్టు కాస్తా వాలుగా దిగి ఇటుకల దగ్గరికొచ్చి ఆగింది. నాయనమ్మ అరచేత్తో నిమిరి చూసి, మట్టిని తొంగోబెట్టాల, నిలబెట్టకూడదు అంటూ రెండు చోట్ల సరిచేసింది. చుట్టి ఉంచిన గడ్డిని మళ్ళీ ఆ వాలు మీద పరిచాం. అంచు ఇటుకకి కాస్త పైనే ఉండేటట్టు కోసి, ముగ్గురం దాని మీద అడుగులో అడుగేసి తొక్కాం. అమ్మ మాత్రం తమ్ముడున్న చోట మడమ ఆనించకుండా మునివేళ్ళతోనే తొక్కింది. చేతి పంపు నుంచి నీళ్ళు తెచ్చి పోశాం. నీళ్ళు గడ్డి మీంచి మెల్లగా జారి ఇటుకల మధ్య ఇంకిపోయాయి గానీ మట్టి కదల్లేదు.

పని అయిపోయింది. తట్ట నిండా మట్టి మిగిలింది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని బాట మీద కూర్చుండిపోయింది. బొగ్గు కలిసిన మట్టేనని చూసింది, తనే మోసుకొచ్చిందని తెలుసు, అయినా పారబోయడానికి చేతులు రావడం లేదు. అప్పుడు ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా అమ్మ అలా గొంతెత్తి ఏడవలేదు.

నాయనమ్మ ఏడవనిచ్చింది. తరవాత గడ్డంతో బాటకి అవతలి వైపు చూపించింది. అక్కడ గడ్డిలో మనిషి చెయ్యంత పొడుగున ఒక పల్లం, దాంట్లో పాత వాన నీళ్ళు. అది ఒక రైలు గార్డు గారి పాపని పెట్టిన చోటని మా అందరికీ తెలుసు. వాళ్ళకి ఎప్పుడో బదిలీ అయిపోయింది. కుంగిపోయిన ఆ చోటుని పట్టించుకునే వాళ్ళెవరూ లేరు. "ఆ పిల్ల తల్లి ఏ ఊళ్ళో ఉందో. వానొస్తే అదీ ఇలాగే కిటికీకాడ నిలబడతాది గావాల" అంది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తట్ట ఎత్తుకుని లేచింది. నాయనమ్మ సాయం రాబోతే వద్దంది. నీళ్ళు తోడేసి, ఆ పల్లంలో మట్టి పోసి, తమ్ముడికి మెత్తినట్టే చేతుల్తో మెత్తింది. ఆ పాపకి పేరుందో లేదో మాకు తెలియదు. అమ్మ అక్కడ వంగి ఏదో చిన్నగా అంది. నాకు వినబడలేదు.

తిరిగి వచ్చి పంపు దగ్గర చేతులు కడుక్కుంది. నా చేతులు పట్టుకుని గోళ్ళలో మట్టి పోయేదాకా రుద్దింది. తరవాత అక్కడే ఇటుకల బాట మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని, పక్కింటి అక్క పొద్దున్న వేసిన జడలు విప్పేసి, తడి వేళ్ళతో చిక్కు తీసి మళ్ళీ అల్లింది. దువ్వెన లేదు కాబట్టి పాపిట వంకరగా వచ్చింది. ఇంటికెళ్ళాక కూడా నేను దాన్ని సరిచేసుకోలేదు. ఆ రాత్రి జడలు చెదిరిపోతాయేమోనని బోర్లా పడుకున్నాను.

శనివారం మాలీ పార భుజాన వేసుకుని వచ్చాడు. వాలు చూశాడు, గడ్డి మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. "బౌదీ, ఆమార్ కాజ్ తో షేష్" అన్నాడు నవ్వుతూ. వదినా, నా పని అయిపోయినట్టే అని. సంఘపెద్ద కూడా వచ్చి ఆ బాట మీద ఒకసారి అటూ ఇటూ నడిచి, సిమెంటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరవాత మొదటి వానకి అమ్మ కిటికీ దగ్గరే నిలబడింది. ఊచలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి గానీ గుమ్మం దాటలేదు. వాన వెలిశాక నన్ను తీసుకుని వెళ్ళింది. ఇటుకల మీద ఉత్త నీళ్ళే ఉన్నాయి. అమ్మ బాధ పోయిందని నేను అనను. బిడ్డ పోయిన బాధ ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి దాన్ని పట్టుకుని ఇంటికి రావడం నేర్చుకుంది. ఏటా వానాకాలం అయ్యాక పార తీసుకుని తనే వెళ్ళి అంచు కోసేది. మిగిలిన మట్టి ఎవరి చోట పల్లం పడితే అక్కడ పోసేది. నాకు పెళ్ళయి విశాఖ వచ్చేశాక కూడా ఉత్తరాల్లో ముందు ఆ కబురే ఉండేది.

అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు రైలెక్కాను. పలాస దాటుతుంటే కిటికీకి తల ఆనించి కట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఇద్దరూ ఎక్కడున్నారో నాయనమ్మకే తెలియనప్పుడు నాకేం తెలుస్తుంది? అందుకని ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా ఆ కట్ట పొడుగునా తల వంచుకునే కూర్చుంటాను. నాయనమ్మ పోసిన మట్టి మీదుగానే అమ్మ దగ్గరికి వెళ్ళాను.

సమాధుల తోటలో పాత ఇటుకల మీద ఎప్పుడో సిమెంటు పోసేశారు. ఇప్పుడు బాటే ఎత్తు, గడ్డే పల్లం. అమ్మ మంచం పట్టాక ఎవరూ చూసుకోక తమ్ముడున్న చోటు కుంగి, బాట మీది నీళ్ళన్నీ అందులోకే చేరి నిలబడ్డాయి. భూస్థాపన అయిపోయింది. కొత్త సమాధి మీద మట్టి కుప్పగా మిగిలింది. నేను తవ్వినవాళ్ళ దగ్గర తట్ట అడిగి తీసుకున్నాను. కూతురు తల్లి మీది మట్టి తియ్యడమేంటని వెనకాల ఆడవాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళకి చెప్పేంత ఓపిక నాకు లేదు.

అమ్మ మీది మట్టి తట్టెడు ఎత్తి తీసుకెళ్ళి తమ్ముడి మీద పోశాను. నాయనమ్మ చెప్పినట్టు వాలుగానే పోసి, చేతుల్తో మెత్తాను. ఆ తట్ట బరువు నా చేతుల్లో ఇంకా ఉంది. అమ్మ అన్నేళ్ళు ఎవరెవరి పిల్లలకో పోసింది. ఈసారి అమ్మ మట్టి అమ్మ కొడుక్కే చేరింది.